మీసో మాత్ర, ఈపీ3 గూడు: నా ఎం.ఫార్మ్ ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 4, అనంతపురం

టాపిక్ ఖాయమైంది. సార్ రాసిచ్చిన పేరు ఇంగ్లీషులో మూడు లైన్లుంది. మన మాటల్లో చెప్పాలంటే, మీసోప్రోస్టాల్ అనే మందు మనిషి ఒంట్లోని ఈపీ3 అనే రిసెప్టర్ గూట్లో ఎట్ల కూర్చుంటుందో కంప్యూటర్‌లో కూర్చోబెట్టి చూడడం, దాన్నే డాకింగ్ అంటారు. రిసెప్టర్ అంటే కణం మీద కబురు అందుకునే ప్రొటీన్, ఈపీ3 అందుకునేది ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒంట్లోని రసాయనాల కబురు. అంతే.

ఈ మందునే నేను పట్టుబట్టి అడిగినా. పొద్దున కాలేజీ, సాయంత్రం కమలానగర్‌లో మెడికల్ షాపు, అదీ నా బతుకు. షాపులో రోజూ చేతికి తగిలే స్ట్రిప్పుల్లో ఇదొకటి. ఇంట్లోనూ కొత్త పేరు కాదు. మా అమ్మ గుత్తి పక్క పల్లెల్లో ఏఎన్ఎంగా చేసి రిటైరైంది. ఆమె దాన్ని 'మీసో' అంటుంది. కాన్పయినాక రక్తం ఎక్కువ పోకుండా 200 మైక్రోగ్రాముల మాత్రలు మూడు, మొత్తం 600 మింగించేవాళ్లట. గర్భసంచి గట్టిపడేదట.

నిన్న రాత్రి ఫోన్లో టాపిక్ చెప్తే అమ్మ అడిగింది: "అది సరే పాపా, మాత్ర ఏసిన కాసేపటికే బాలింతకు గడగడ చలి ఎందుకొచ్చేది? మే నెల ఎండల్లో దుప్పట్లు కప్పేటోళ్లం. మీ పుస్తకాల్లో ఉందా?"

ఉండాలి. ఆ ప్రశ్న డైరీ మొదటి పేజీలో రాసి గీత గీసుకున్నా.

ఆగస్టు 6

ప్రొటీన్ డేటా బ్యాంకు నుంచి ఫైలు దింపినా. సంకేతం 6ఎం9టీ. మీసోప్రోస్టాల్ కూర్చున్న ఈపీ3 స్ఫటిక నిర్మాణం, 2019లో అచ్చయింది, స్పష్టత 2.5 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్లో వంతు). ఇది మన అదృష్టమనే చెప్పాలి. 2018కి ముందు ఈ ప్రాజెక్టు చేసినవాళ్లకు ప్రోస్టాగ్లాండిన్ రిసెప్టర్ల అసలు బొమ్మే లేదు. వేరే రిసెప్టర్ మీద ఊహించి కట్టుకున్న మోడల్‌తోనే సరిపెట్టుకున్నారు.

ఫైలు తెరిస్తే స్ప్రింగు మాదిరి ఏడు ప్రొటీన్ చుట్టలు కణం పొరకు అడ్డంగా పైకీ కిందికీ పోతున్నాయి. ప్రోస్టాగ్లాండిన్ రిసెప్టర్ల కుటుంబంలో తొమ్మిదున్నాయి, అన్నింటిదీ ఇదే ఏడు చుట్టల వాలకం. పీజీఈ2 అనే ప్రోస్టాగ్లాండిన్ ఒక్కదానికే నాలుగు: ఈపీ1, ఈపీ2, ఈపీ3, ఈపీ4. నా ఫైల్లో ఉన్నది రిసెప్టర్ ఒక్కటే కాదు. స్ఫటికం బాగా కట్టాలని దానికి అతికించిన పరాయి ప్రొటీన్ ముక్క ఒకటుంది. కొవ్వు అణువులున్నాయి, నీళ్లున్నాయి. వీటన్నింటినీ ఊడ్చి రిసెప్టర్‌ను మాత్రం మిగిల్చుకోవాలి.

ఊడ్చినా. మరీ శుభ్రంగా ఊడ్చేసరికి మందు కూడా పోయింది. మళ్లీ దింపి, ఈసారి మందును వేరే ఫైల్లోకి తీసిపెట్టుకున్నాకే చీపురు పట్టినా.

ఆగస్టు 9

మూడు రాత్రులు పోయినాయి.

డాకింగ్ చేసేవాళ్లు మొదట దాటాల్సిన పరీక్ష ఒకటుంది. స్ఫటికంలో ఉన్న మందును బయటికి తీసి, మెలికలన్నీ విప్పి, మళ్లీ అదే గూట్లోకి ప్రోగ్రాంతో కూర్చోబెట్టించాలి. తిరిగి అదే తీరులో కూర్చుంటే మన ఏర్పాటు సరైనదని. అసలు చోటుకూ కొత్త చోటుకూ మధ్య తేడా సగటున 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుండాలన్నది అందరూ వాడే కొలత. దాన్ని ఆర్ఎంఎస్‌డీ అంటారు.

నాకు 2 కాదు, 20 దాటింది. వీనా అనే డాకింగ్ ప్రోగ్రాం తొమ్మిది భంగిమలిచ్చింది, తొమ్మిదీ రిసెప్టర్ బయటే. గోడకు అతుక్కున్న బల్లి మాదిరి చుట్ట బయటివైపు పట్టుకుని ఉంది మందు. దానికీ స్కోరు బాగానే ఇచ్చింది పుణ్యాత్మురాలు.

తప్పు ఈ పొద్దు పొద్దున దొరికింది. గ్రిడ్ బాక్స్ అంటే మందును ఎక్కడ వెతకాలో ప్రోగ్రాంకు చూపించే పెట్టె. దాని నడిమధ్యను నేను చేత్తో పెట్టలేదు, 'ప్రొటీన్ మధ్య' అని బటన్ నొక్కినా. ఆ లెక్క వేసిన ఫైలు ఊడ్చక ముందుదీ, పరాయి ముక్క ఉన్నదీ. రెండింటికీ కలిపి మధ్య ఎక్కడొస్తుంది? రిసెప్టర్ కిందివైపుకు జారింది. గూడేమో పైవైపు ఉంది.

మందులోని పరమాణువుల చోట్ల సగటునే మధ్యగా పెట్టి, ప్రతివైపూ 24 ఆంగ్‌స్ట్రామ్‌ల పెట్టె గీసినా. వెతుకుడు తీవ్రత మామూలుగా 8 ఉంటుంది, 32కు పెంచినా. లాప్‌టాప్ మీద దోసె పోయొచ్చు.

ఆగస్టు 10

1.6. కూర్చుంది! హాస్టల్లో ఎవరూ లేరు చెప్పుకోడానికి, అందరూ సినిమాకు పోయినారు. కిందికి దిగి ఉగ్గాని, రెండు బజ్జీలు తిని వచ్చినా.

గూడు ఇప్పుడు బాగా చూసినా. మందుకు ఒక కొసన కార్బాక్సిల్ గుంపుంది. అది ఆర్జినైన్ 333, టైరోసిన్ 114, త్రియోనిన్ 206 అనే మూడు అమైనో ఆమ్లాల మధ్య ఇరుక్కుని ఉంది. ఆర్జినైన్‌కు ధనావేశం, కార్బాక్సిల్‌కు ఋణావేశం. ఈ కుటుంబంలో డీపీ2 అనే ఒక్కదానికి తప్ప మిగతా రిసెప్టర్లన్నింటికీ ఏడో చుట్టలో ఈ ఆర్జినైన్ అదే చోట ఉంటుంది: ఈపీ4లో 316, టీపీ అనే ఇంకోదాంట్లో 295. ప్రోస్టాగ్లాండిన్లు చెయ్యి పట్టుకునేది అక్కడే.

ఇంకో విశేషం, గూటికి పైన మూత ఉంది. రెండో బయటి వంపు మడిచి, మందును లోపలే పెట్టి మూసింది. బయటి నీళ్లకు దారే కనపడదు. మరి మందు లోపలికి ఎట్ల దూరిందని వీనాను అడిగితే చెప్పదు. నేరుగా గూట్లో దించుతుంది, హెలికాప్టర్‌లోంచి దించినట్టు.

ఆగస్టు 15

జెండా వందనం అయినాక సార్ పిలిచినారు. పోలికకు ఇంకో రెండు మందులుండాల, టేబుల్ ఒకటే వరుసతో బోసిగా ఉంటుందన్నారు. ఒకటి ఆస్పిరిన్. రెండోది మన జిల్లా గుర్తుగా ఉండేట్టు శెనక్కాయల నుంచి ఏదైనా అట. శెనక్కాయ పప్పు పొట్టులో రెస్వరాట్రాల్ ఉంటుంది, అది వేస్తానన్నా. సార్‌కు శానా నచ్చింది.

ఆస్పిరిన్ వెయ్యమనడం మాత్రం నాకు గొంతులో పడలేదు. ఆస్పిరిన్ రిసెప్టర్ జోలికే పోదు. అది ప్రోస్టాగ్లాండిన్లు తయారయ్యే చోటుకు పోయి కాక్స్ అనే ఎంజైమ్‌లో సెరీన్ అనే ఒక అమైనో ఆమ్లానికి ఎసిటైల్ ముక్క అంటించి, ఎంజైమ్‌ను మొత్తానికే పనికిరాకుండా చేస్తుంది. ఆస్పిరిన్ తయారీనే ఆపుతుందని 1971లో చూపించిన జాన్ వేన్‌కు, బెర్గ్‌స్ట్రామ్, శామ్యూల్‌సన్‌లతో కలిపి 1982లో నోబెల్ వచ్చింది. బావి దగ్గర మోటారు ఆపేదొకటి, పొలంలో మడవ కట్టేది ఇంకొకటి. రెండింటినీ ఒకే గూట్లో పెట్టి కొలిస్తే ఏమొస్తుంది?

స్కోరొచ్చింది. ఆస్పిరిన్‌కు మైనస్ 6 దరిదాపుల్లో, మైనస్‌లో ఎంత కిందికి పోతే అంత గట్టి పట్టని లెక్క. దేన్ని వేసినా వీనా ఒక అంకె ఇస్తుంది, ఊరికే పంపదు. రెస్వరాట్రాల్‌ది చూస్తే నవ్వొచ్చింది, శెనక్కాయ పొట్టు మీసోను మించిపోయింది!

ఆగస్టు 16

రాత్రి నిద్ర పట్టక వీనా లెక్క ఎట్ల కడుతుందో చదివినా. మొదట్లోనే చదవాల్సింది.

పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరున్నాయి, ఎక్కడ గుద్దుకుంటున్నాయి, నీళ్లను ఇష్టపడని భాగాలు పక్కపక్కన ఉన్నాయా, హైడ్రోజన్ బంధాలున్నాయా, ఇవన్నీ కూడుతుంది. వచ్చిన మొత్తాన్ని మందులో తిరిగే బంధాల లెక్కతో భాగిస్తుంది. ఒక్కో బంధానికి దాదాపు 0.058 చొప్పున భాగించే అంకె పెరుగుతుంది. మీసోకు రెండు పొడుగు తోకలు, తిరిగే బంధాలు పన్నెండు దాటుతాయి. రెస్వరాట్రాల్ అట్ల కాదు, అప్పడం మాదిరి చదును, తిరిగే బంధాలు తక్కువ. అందుకే మీసోకు సగం దాకా కోత పడింది, పొట్టుకు కొంచెమే పడింది. పొట్టు గొప్పతనం కాదు, కోత లెక్క.

ఆ పేజీలోనే ఇంకో మాట చదివి లాప్‌టాప్ మూసేసినా. వీనా ఆవేశాల వైపు చూడదట. ఫైల్లో మనం ఏ ఛార్జీ పెట్టినా లెక్కలోకి తీసుకోదు. గ్యాస్టైగర్ ఛార్జీలు, అంటే ఒక్కో పరమాణువుకు లెక్కగట్టి వేసే ఆవేశాలు, సరిగ్గా కూడట్లేదని నేను ఒక రాత్రంతా కూర్చుని సరిచేసినా కదప్పా! ఆ రాత్రి ఎవరికి చెప్పుకోవాల?

ఆగస్టు 19

ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది గానీ డైరీ కాబట్టి రాస్తాండా.

సాయంత్రం షాపులో జనం లేరు. మీసో స్ట్రిప్పు చేతిలో ఉంది, ఇటువైపూ అల్యూమినియమే, అటువైపూ అల్యూమినియమే. చెమ్మ తగిలితే ఈ మందు చెడిపోతుంది. అణువులో ఉంగరం మాదిరి ఉన్న భాగం మీది హైడ్రాక్సిల్ నీళ్లుగా ఊడిపోయి వేరే పదార్థమవుతుంది. అందుకే మాత్ర చేసేటప్పుడు కూడా మందును హెచ్‌పీఎంసీ అనే సెల్యులోజ్ పొడిలో నూటికొక పాలు కలిపి నిలబెడతారు. ఇదంతా బి.ఫార్మ్‌లో చదివిందే. ఎదురుగా ఫోన్లో అణుభారం 382.5 అని కనపడింది. నేను వేరుగా తీసిపెట్టుకున్న మందు ఫైల్లో 368.5 ఉన్నట్టు గుర్తు.

14 తేడా. ఒక మిథైల్ పోయి ఒక హైడ్రోజన్ వస్తే సరిగ్గా అంత.

మాత్రలో ఉండేది మిథైల్ ఎస్టర్, అంటే ఆసిడ్ కొసకు మిథైల్ అతికిన రూపం. ఒంట్లోకి పోయినాక ఎస్టరేజ్ ఎంజైమ్‌లు ఆ మిథైల్‌ను కోసేస్తాయి, మిగిలిన ఆసిడ్డే పని చేసేది. స్ఫటికంలో కూర్చున్నదీ ఆ ఆసిడ్డే. ఆగస్టు 10న నేను తిరిగి గూట్లో కూర్చోబెట్టింది ఆసిడ్‌నే. పోయిన వారం సార్‌కిచ్చిన టేబుల్లో 'మీసోప్రోస్టాల్' అని వేసిన వరుస మాత్రం పబ్‌కెమ్ అనే రసాయనాల డేటాబేస్ నుంచి దింపిన ఎస్టర్‌ది. రెండూ ఒకటే అనుకుని కలిపేసినా. కంటి డాక్టర్లు గ్లాకోమాకు రాసే లటానోప్రోస్ట్ చుక్కలదీ ఇదే కథ, దాంట్లో ఐసోప్రొపైల్ ఎస్టర్. షాపులో అమ్మేదొకటి, రిసెప్టర్‌లో కూర్చునేదొకటి అని నాలుగేండ్లు చదివి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా.

ఆగస్టు 22

ఆసిడ్, ఎస్టర్ రెండింటినీ ఒకే పెట్టెలో, ఒకే తీవ్రతతో, పదేసిసార్లు నడిపినా. పదిసార్లు ఎందుకంటే వీనా ప్రతిసారీ పాచికలు వేసినట్టు కొత్తచోటు నుంచి మొదలుపెడుతుంది. ఒక్కసారి వచ్చింది నమ్మితే అది జాతకమే అవుతుంది.

రెండింటి స్కోరు తేడా 0.2 లోపలే. కొన్నిసార్లు ఎస్టర్‌దే పైచేయి! ఒంట్లో ఆర్జినైన్ చెయ్యి పట్టుకునేది ఋణావేశమున్న ఆసిడ్డు. ఆ పట్టు వీనా కంటికి ఆనదు కాబట్టి దానికి రెండూ ఒకటే. మిథైల్ అంటే ఇంకొంచెం కొవ్వు తగిలిందని నాలుగు మార్కులు ఎక్కువ కూడా వేస్తుంది.

అంకెలు పక్కన పెట్టి దూరాలు కొలిచినా. పది పరుగుల్లో ఒక్కోదాంట్లో అన్నింటికన్నా మంచి స్కోరొచ్చిన భంగిమ తీసుకుని, కార్బాక్సిల్ ఆక్సిజన్ నుంచి ఆర్జినైన్ 333 నైట్రోజన్ దాకా. ఆసిడ్‌కు ఎక్కువసార్లు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కల. ఎస్టర్‌లో మిథైల్ అడ్డంగా నిలబడి, సగంసార్లు అణువు మొత్తం తలకిందులైంది. తోక ఆర్జినైన్ వైపు, ఎస్టర్ కొస అడుగున. స్కోరులో కనపడని తేడా బొమ్మలో కొట్టొచ్చినట్టు కనపడింది.

ఆగస్టు 24

వీనా కొత్త వెర్షన్‌లో పాత ఆటోడాక్ 4 లెక్కతో కూడా నడపొచ్చు, దాంట్లో ఆవేశాలుంటాయి. మ్యాపులు చేసుకోడానికి ఒక రోజు పట్టింది. ఆ లెక్కలో ఆసిడ్ స్పష్టంగా ముందుకొచ్చింది. సంతోషమే గానీ, ధనావేశం పక్కన ఋణావేశం పెడితే ఆ లెక్క ఎప్పుడూ మురిసిపోతుంది. నాకు కావాల్సిన జవాబు ఇచ్చిందని ఎత్తుకుని ముద్దు పెట్టుకోలేను. రెండు లెక్కలూ పక్కపక్కన వేస్తా.

ఆగస్టు 27

వినాయక చవితి. హాస్టల్ ఎదురుగా పందిరి, ఈ కొస నుంచి ఆ కొసకు స్పీకర్లు. రెండుసార్లు కరెంటు పోయింది. పని సున్నా, ఉండ్రాళ్లు ఆరు.

ఆగస్టు 30

కొత్త తలనొప్పి. మాత్రలో ఉన్న మీసో కూడా ఒకటి కాదు, నాలుగు. ప్రోస్టాగ్లాండిన్ ఈ1లో 15వ కార్బన్ మీదుండే హైడ్రాక్సిల్‌ను 16వ కార్బన్‌కు జరిపి, పక్కన ఒక మిథైల్ పెట్టి ఈ మందు చేసినారు, ఒంట్లో తొందరగా విరిగిపోకూడదని. ఆ తయారీలో కుడి ఎడమ రూపాలు కలిసి నాలుగు స్టీరియోఐసోమర్ల మిశ్రమం వస్తుంది. పని చేసేది 11ఆర్, 16ఎస్ అనే ఒక్కటి.

అణువును ఒక లైను అక్షరాల్లో రాసే లైన్ నోటేషన్‌లో నేను 16వ కార్బన్ దగ్గర గుర్తు పెట్టడం మరిచిపోయినా. దాన్నుంచి బొమ్మ కట్టే ఓపెన్ బేబెల్ ప్రోగ్రాం తనకు తోచిన రూపం కట్టింది. ఏది కట్టిందో చూస్తే ఆర్. అంటే వారం రోజులు పనిచేయని రూపాన్ని గూట్లోకి తోస్తాండా. పక్క రూం జూనియర్ చూసి, "యక్కా, మందుకు కూడా కుడిచెయ్యి ఎడమచెయ్యి ఉంటాయా?" అనింది. ఉంటాయి మే, ఉండి నా ప్రాణం తీస్తాన్నాయి.

ఎస్, ఆర్ రెండూ ఆసిడ్‌గా మళ్లీ పదేసిసార్లు. స్కోరు దాదాపు సమానం. వీనాతో వీటిని విడదీయలేమని రాసుకుని వదిలేసినా.

సెప్టెంబరు 6

సార్ ఈపీ4 కూడా చెయ్యమన్నారు. తొందరలో 5వైడబ్ల్యూవై ఫైలు దింపినా. అది 2019లో వచ్చిన ఈపీ4 నిర్మాణం, కూర్చున్నది అడ్డుకునే మందు. దాంట్లో ఒకటి మాత్రం కళ్లకు కట్టినట్టుంది. మొదటి చుట్టకూ ఏడో చుట్టకూ మధ్య పొరవైపు సందు తెరుచుకుని ఉంటుంది. మందు నీళ్లలోంచి కాకుండా పొరలోని కొవ్వులోంచి పక్కదారిన దూరుతుందని దాన్ని తీసినవాళ్ల మాట. ఆగస్టు 10న నేను రాసుకున్న హెలికాప్టర్ అనుమానానికి కనీసం ఈపీ4లో ఒక దారి దొరికింది.

మీసో ఆసిడ్‌ను దాంట్లో వేస్తే అడ్డదిడ్డంగా కూర్చుంది. కూర్చోదు మరి. అడ్డుకునే మందు కోసం సర్దుకున్న గూడు, తట్టిలేపే మందుకు ఇరుకు. వీనాకు రిసెప్టర్ అంటే రాయి, పక్కకు జరగదు. పీజీఈ2నూ, కబురును కణం లోపలికి చేరవేసే జీ ప్రొటీన్‌నూ రెండింటినీ పట్టుకున్న ఈపీ4 ఉన్న 7డీ7ఎం ఫైలుతో మళ్లీ చేస్తే కార్బాక్సిల్ ఆర్జినైన్ 316 వైపు తిరిగింది. ఇంకో వారం పట్టే పని, ఈ పొద్దుకు ఇంతే.

సెప్టెంబరు 13

అమ్మ వచ్చింది, శెనక్కాయ ఉంటలు తెచ్చింది. లాప్‌టాప్‌లో రిసెప్టర్‌ను తిప్పి చూపిస్తూ మొదటి పేజీ ప్రశ్నకు జవాబు చెప్పినా.

ఈపీ3 గర్భసంచి కండరంలో ఉంది. అక్కడ మీసో కూర్చుంటే కణంలో కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు తగ్గి, కండరం బిగుసుకునే వైపు మొగ్గుతుంది. ఈపీ2, ఈపీ4 దీనికి ఎదురు, వాటిని తట్టితే సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. అదే ఈపీ3 కడుపులో ఆమ్లం ఊరే కణాల మీదా ఉంది, అక్కడ కూర్చుంటే ఆమ్లం తగ్గుతుంది. అసలు ఈ మందు మొదట వచ్చింది కడుపులో పుండ్లకే. మూడోది మెదడులో, ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్‌లో. జబ్బు చేసినప్పుడు పీజీఈ2 అక్కడి ఈపీ3ను తట్టి జ్వరం తెస్తుంది. 1998లో ఈపీ3 జన్యువు లేని ఎలుకలకు జ్వరం తెప్పించబోతే రాలేదు. మీసో పీజీఈ2 వేషం వేసుకున్న మందు. మెదడు వేడి పెంచమంటుంది, ఒళ్లు వేడెక్కడానికి వణుకుతుంది.

అమ్మ కాసేపు తెరనే చూసింది. "అంటే గర్భసంచికి చెప్పిన మాట తలకాయ కూడా వినింది."

నేను నెల రోజుల్లో రాసిన దాంట్లో ఇంత బాగా ఒక్క వాక్యం లేదు. థీసిస్‌లో పెట్టడానికి కుదరదు, అదే బాధ.

తర్వాత నీలం కడ్డీలను చూపించి ఇదేందని అడిగింది. ఆర్జినైన్ అన్నా. "మరి నాలుక కింద పెట్టినోళ్లకు ఆ మిథైల్ యాడ తెగుతుంది?" రిటైరైన మనిషిని గైడుగా పెట్టుకోవచ్చో లేదో యూనివర్సిటీ రూల్స్ చూడాల. రక్తంలోకి పోయినాక తెగుతుందని చెప్పినా.

సెప్టెంబరు 18

సార్‌తో గంటన్నర. టేబుల్లో స్కోరు వరుస చూసి, "ఏంమ్మా, శెనక్కాయదే పైన ఉంది కదా, అదే హైలైట్ చెయ్" అన్నారు. తిరిగే బంధాల కోత సంగతి చెప్పినా. కణాల మీద పరీక్ష చెయ్యకుండా పొట్టు మందుకన్నా గొప్పదని రాయలేనన్నా. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చివరికి ఒప్పందం ఇది: రెస్వరాట్రాల్ ఉంటుంది గానీ, పక్క వరుసలో తిరిగే బంధాల సంఖ్య, దాని పక్కన ఆర్జినైన్‌కు దూరం. ఆస్పిరిన్ వరుస కింద 'పోలికకు కాదు, హెచ్చరికకు' అని సార్ స్వయంగా పెన్సిల్‌తో రాసినారు. ఆ పెన్సిల్ చూసి ఆయన మీదున్న కోపం సగం పోయింది.

మీసోకు రెండు వరుసలు. ఒకదానికి 'మాత్రలోది, ఎస్టర్, 382.5'. రెండోదానికి 'రిసెప్టర్‌లోది, ఆసిడ్, 368.5'. ఆగస్టులో ఇచ్చిన తప్పు టేబుల్‌ను చింపెయ్యలేదు, అనుబంధంలో తారీఖుతో సహా పెట్టినా.

మిగిలింది ఈపీ4 పరుగులు నాలుగు. టవర్ క్లాక్ దగ్గర ప్రింటు షాపతను కలర్ పేజీ పది రూపాయలంటాన్నాడు, బేరమాడాల. మూడు కాపీలు.